మాలేగావ్ నుంచి గౌరీ లంకేశ్ దాకా: కేసులు కోర్టులో ఎక్కడ జారిపోయాయి?

మారతహళ్లిలో ఉద్యోగం చేస్తున్న ఒక హైదరాబాద్ అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది: "సార్, 2025 జులైలో మాలేగావ్ కేసు కొట్టేసిన రోజు మా ఆఫీసు క్యాంటీన్‌లో పెద్ద గొడవ జరిగింది. ఒకాయన ‘హిందూ టెర్రర్ అన్నదంతా కట్టుకథ, కోర్టే తేల్చింది’ అన్నాడు. ఇంకొకాయన ‘కేంద్రంలో ప్రభుత్వం మారింది, కేసులు పోయాయి, అంతే’ అన్నాడు. మా ఇల్లు షాలిబండలో. మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు నేను మూడో తరగతి. ఆ కేసూ కొట్టేశారు, సంఝౌతా కేసూ కొట్టేశారు, ఇప్పుడు ఇదీ పోయింది. మరి చంపింది ఎవరు? మీరు క్రిమినల్ కేసులు చూస్తారు కదా, కాస్త విడమరిచి చెప్పండి."

తమ్ముడూ, ముందు నా సంగతి చెప్పాలి. మాది హిందూపురం. ఇరవై ఆరేళ్లుగా బెంగళూరు సిటీ సివిల్ అండ్ సెషన్స్ కోర్టులో క్రిమినల్ ట్రయల్స్ చేస్తున్నాను. ఎక్కువగా ముద్దాయిల తరఫున, కొన్నేళ్లు ప్రాసిక్యూషన్‌కు సాయంగా. మీరు చెప్పిన కేసుల్లో దేంట్లోనూ నేను లాయర్‌ని కాదు. అలాంటి సాక్ష్యాల మధ్యే రోజూ పనిచేసేవాడిగా, ఆ తీర్పుల సంగతులు పట్టించుకుని తెలుసుకున్నవాడిగా మాట్లాడుతున్నాను.

మీ క్యాంటీన్‌లో అంత గొడవ జరిగినా, చివర్లో మీరడిగిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. చంపింది ఎవరు? మక్కా మసీదు, సంఝౌతా, 2008 మాలేగావ్, ఈ మూడింటికీ ఈరోజుకీ చట్టం దగ్గర జవాబు లేదు. 2007 ఫిబ్రవరి 18 రాత్రి పానిపట్ దగ్గర, పాకిస్తాన్ వైపు వెళ్తున్న సంఝౌతా ఎక్స్‌ప్రెస్ రైల్లో బాంబులు పేలి 68 మంది చనిపోయారు. ఎక్కువమంది పాకిస్తానీలు, సొంత ఇళ్లకు తిరిగి వెళ్తున్నవాళ్లు. అదే ఏడాది మే 18 శుక్రవారం మక్కా మసీదులో పేలుడుకు 9 మంది, తర్వాత బయట జరిగిన పోలీసు కాల్పుల్లో మరో 5గురు పోయారు. 2008 సెప్టెంబరు 29 రాత్రి, రంజాన్ నెలలో, మహారాష్ట్రలోని మాలేగావ్‌లో 6గురు. బాంబులు పేలాయన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఫలానావాళ్లే పెట్టారన్నది మాత్రం ఏ కోర్టులోనూ రుజువు కాలేదు.

ట్రయల్ కోర్టు ముందుండే ప్రశ్న చాలా చిన్నది. ఈ పేర్లున్న ఈ మనుషులే ఈ పని చేశారని అనుమానానికి తావులేకుండా ప్రాసిక్యూషన్ రుజువు చేసిందా, లేదా? అంతే. ‘అసలు ఇలాంటి ముఠా దేశంలో ఉందా’ అని కోర్టును ఎవరూ అడగరు, కోర్టు చెప్పదు. అందుకని ‘కోర్టే కట్టుకథని తేల్చింది’ అన్న మీ మొదటి కొలీగ్ మాట తప్పు. సంఝౌతా కేసులో పంచకులలోని ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) కోర్టు 2019 మార్చి 20న నలుగురినీ వదిలేస్తూ, నమ్మదగిన, చట్టం ఒప్పుకునే సాక్ష్యం లేకపోవడం వల్ల ఇంతటి ఘాతుకానికి శిక్ష పడకుండా పోతోందని తీవ్రమైన బాధతో రాసింది. కట్టుకథ అనుకున్న జడ్జి అలా రాయరు.

అదే నోటితో ఇంకో మాట కూడా చెప్పాలి. కోర్టు వదిలేసిన మనిషిని ‘టెక్నికల్‌గా తప్పించుకున్నాడు’ అనడం డిఫెన్స్ లాయరుగా నాకు అస్సలు మింగుడుపడదు. మాలేగావ్ కేసులో ముద్దాయిలైన సాధ్వి ప్రజ్ఞా సింగ్ ఠాకూర్, సైన్యాధికారి లెఫ్టినెంట్ కల్నల్ పురోహిత్ బెయిలు దొరికేదాకా ఎనిమిదిన్నర, తొమ్మిదేళ్లు జైల్లో ఉన్నారు. రుజువు కాలేదంటే చట్టం దృష్టిలో వాళ్లు నిర్దోషులు, వాళ్ల రాజకీయాలు మనకు నచ్చినా నచ్చకపోయినా. నేరం నిజం, వీళ్లు చేశారని తేలకపోవడమూ నిజం. ఈ రెండింటినీ కలిపి పట్టుకోవడానికి ఓపిక లేకనే మనవాళ్లు చెరో మూల నిలబడి అరుచుకుంటున్నారు.

‘అన్నీ కొట్టేశారు’ అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. 2007 అక్టోబరు 11న అజ్మీర్ దర్గాలో పేలుడుకు ముగ్గురు చనిపోయారు. ఆ కేసులో జైపూర్ ఎన్ఐఏ కోర్టు 2017 మార్చిలో మక్కా మసీదు, సంఝౌతా కేసుల్లోనూ ముద్దాయి అయిన స్వామి అసీమానంద్‌తో సహా ఏడుగురిని వదిలేసి, ముగ్గురిని దోషులుగా తేల్చింది. దేవేంద్ర గుప్తా, భవేశ్ పటేల్‌లకు యావజ్జీవం పడింది. మూడోవాడు సునీల్ జోషి. అతను తీర్పు నాటికి ప్రాణాలతో లేడు. 2007 డిసెంబరు 29న మధ్యప్రదేశ్‌లోని దేవాస్‌లో ఎవరో కాల్చి చంపారు. దర్యాప్తు సంస్థలు చెప్పిన కథలో ఈ జోషి నడిమి దూలం లాంటివాడు. మక్కా మసీదు, అజ్మీర్, సంఝౌతా, అన్నిట్లోనూ అతని పేరు వస్తుంది. ఆ దూలం ముందే కూలిపోయింది. అతని హత్య కేసులో ముద్దాయిలను కూడా 2017లో కోర్టు వదిలేసింది. అంటే ఆ చావుకూ జవాబు లేదు.

ఇక కేసులు ఎక్కడ జారిపోయాయో చూద్దాం.

ప్రాక్టీసు మొదలుపెట్టిన ఐదారేళ్లకు ఒక హత్య కేసులో పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు సాయంగా ఉన్నాను. కత్తి ఉన్న పార్సిల్‌ను కోర్టు హాల్లో విప్పారు. తెల్ల గుడ్డ, ట్వైన్ దారం, ముడి మీద లక్క సీలు. మహజరులో (స్వాధీనం చేసుకునేటప్పుడు సాక్షుల ముందు రాసే పంచనామాలో) రాసిన అక్షరాలు ఒకటి, లక్క మీద ఉన్న అక్షరాలు ఒకటి. కత్తి స్వాధీనం చేసుకున్న రోజుకూ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఇచ్చిన రోజుకూ మధ్య పదకొండు రోజులున్నాయి. ఆ పదకొండు రోజులు పార్సిల్ ఎక్కడుందో స్టేషన్ రిజిస్టరులో ఒక్క ముక్క లేదు. రక్తం గ్రూపు కలిసింది. అయినా డిఫెన్స్ లాయరు ఒకే ఒక్క ప్రశ్న వేశాడు, ‘ఈ పదకొండు రోజులు ఇది ఎవరి దగ్గరుంది?’ అని. దర్యాప్తు అధికారి తల దించుకున్నాడు. చనిపోయిన కుర్రాడి తండ్రి మడకశిర వైపు రైతు, వెనక బెంచీలో కూర్చున్నాడు. భోజన విరామంలో నా కోటు చేయి పట్టుకుని, "అయ్యా, కత్తి దొరికింది కదా?" అన్నాడు. దొరికింది. కానీ కోర్టులో అది నిలబడలేదు. ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలో నాకు ఆ రోజు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మాలేగావ్‌కు రండి. భిక్కూ చౌక్‌లో పేలుడు జరిగిన చోట ఎల్ఎంఎల్ ఫ్రీడమ్ మోటార్‌సైకిల్ దొరికిందని, బాంబు అందులోనే అమర్చారని, బండి ప్రజ్ఞా సింగ్ పేరు మీద ఉందని మహారాష్ట్ర ఉగ్రవాద నిరోధక దళం (ఏటీఎస్) చెప్పింది. కేసంతా ఆ బండి మీదే నిలబడింది. బండి నంబరు దొంగది, ఛాసిస్, ఇంజన్ నంబర్లు చెరిపేసి ఉన్నాయి. ల్యాబ్‌లో ఛాసిస్ నంబరును పూర్తిగా తిరిగి తేల్చలేకపోయారు. నంబరు తేలకపోతే ఓనరు తేలడు. ఓనరని అనుకున్నా, ఆమె సంఘటనకు రెండేళ్ల ముందే సన్యాసం తీసుకున్నారు, బండి అప్పటికి ఆమె దగ్గరే ఉందని చూపించే సాక్ష్యం లేదని కోర్టు అంది. దానికంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. బాంబు బండిలోనే ఉందని కూడా రుజువు కాలేదు. పేలుడు జరిగిందని రుజువైంది, బండి అక్కడ ధ్వంసమై పడి ఉందనీ రుజువైంది. కానీ పంచనామా రాసేటప్పుడు స్థలం స్కెచ్ గీయలేదు, వేలిముద్రలు తీయలేదు, ఆ చోట ఏ ఫోన్లు ఉన్నాయో చెప్పే సెల్ టవర్ డంప్ డేటా సేకరించలేదు, తీసిన నమూనాలు కలుషితమయ్యాయి. జడ్జి ఏ.కె.లాహోటీ 2025 జులై 31న ఏడుగురినీ వదిలేస్తూ వీటన్నిటినీ ఎత్తి చూపారు.

పేలుడు జరిగిన చోట మొదటి కొన్ని గంటలు మళ్లీ రావు, తమ్ముడూ. జనం తొక్కుతారు, కోపంతో రాళ్లు వేస్తారు, అంబులెన్సులు తిరుగుతాయి, వాన పడితే సగం కొట్టుకుపోతుంది. మాలేగావ్‌లో ఆ రాత్రి పరిస్థితి పోలీసుల చేతిలో లేదు. ఎస్ఐకి ప్రాణభయం ఉంటే స్కెచ్ ఎవరు గీస్తారని మీరు అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. అయినా పదిహేడేళ్ల తర్వాత జడ్జి ముందుకు వచ్చేది ఆ రాత్రి ఖాళీగా మిగిలిన ఆ కాగితమే.

కాగితాల సంగతి అక్కడితో అయిపోలేదు. ఉగ్రవాద కేసుల చట్టం యూఏపీఏ కింద విచారించాలంటే ప్రభుత్వం ముందుగా సాంక్షన్, అంటే అనుమతి, ఇవ్వాలి, ఏ సాక్ష్యం చూసి ఇస్తున్నారో ఆ ఆర్డరులో కనపడాలి. ఆ ఆర్డర్లు లోపభూయిష్టమని కోర్టు అంది. ఫోన్ల ట్యాపింగ్‌కు తగిన అనుమతి లేదంది. మేజిస్ట్రేటు ముందు సీఆర్‌పీసీ సెక్షన్ 164 కింద ఇచ్చిన కొన్ని వాంగ్మూలాల అసలు ప్రతులే కనపడకుండా పోయాయి. దేశమంతా చూస్తున్న కేసులో కోర్టు రికార్డులోంచి వాంగ్మూలాలు పోయాయంటే, చదివినప్పుడు నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

ఇంక సాక్షులు. మాలేగావ్‌లో 323 మందిని విచారిస్తే దాదాపు 40 మంది ఎదురు తిరిగారు. మక్కా మసీదులో 226 మందిలో అరవైకి పైగా. ‘హోస్టైల్’ అనగానే డబ్బు, బెదిరింపు అనుకుంటాం. అది ఉండొచ్చు. నేను చూసిన చాలా కేసుల్లో కారణం ఇంకా మామూలుది. టీ కొట్టు దగ్గర నిలబడినవాణ్ణి పిలిచి పంచనామా మీద సంతకం పెట్టించారు. పదేళ్ల తర్వాత సమన్లు అందితే వాడికి ఆ రోజు ఏం చూశాడో గుర్తుండదు. ‘సార్, పోలీసులు పెట్టమంటే పెట్టాను’ అంటాడు. అది అబద్ధం కాదు కూడా. మాలేగావ్‌లో కొందరు ఏటీఎస్ తమను బెదిరించి వాంగ్మూలం రాయించుకుందని చెప్పారు. అది నిజమైతే ఏటీఎస్ నేరం చేసింది. అబద్ధమైతే సాక్షి నేరం చేశాడు. మన దేశంలో ఈ రెండింట్లో ఏదని తేల్చే ఓపిక ఎవరికీ లేదు.

మీ షాలిబండ సంగతికి వస్తాను. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే.

మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్ పోలీసులు అనుమానించింది పాతబస్తీ ముస్లిం కుర్రాళ్లను. డజన్లకొద్దీ మందిని తీసుకెళ్లారు. కొందరు నెలల తరబడి జైల్లో ఉన్నారు, కొట్టారని, కరెంటు షాకులు ఇచ్చారని చెప్పారు. తర్వాత కోర్టులో వాళ్ల మీద ఏదీ నిలబడలేదు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్లకు పరిహారం, మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇచ్చింది. ఆ పరిహారం చెల్లదని తర్వాత హైకోర్టు అంది. 2010లో సీబీఐ పూర్తిగా వేరే మనుషులను పట్టుకుంది, 2011లో కేసు ఎన్ఐఏ చేతికి వెళ్లింది.

2006 మాలేగావ్ కథ ఇంకా ఘోరం. ఆ ఏడాది సెప్టెంబరు 8న, షబే బరాత్ శుక్రవారం, మసీదు, ఖబరస్తాన్ పక్కన బాంబులు పేలి 30 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లు ముస్లింలు. పట్టుకున్నదీ 9 మంది ముస్లిం మగవాళ్లను. ఏటీఎస్ ఛార్జ్‌షీట్ వేసింది, సీబీఐ దాన్నే బలపరిచింది. అయిదేళ్లు జైల్లో ఉన్నాక 2011లో వాళ్లకు బెయిలు. 2013లో ఎన్ఐఏ వచ్చి, చేసింది వీళ్లు కాదు, హిందూత్వ వర్గాలకు చెందిన మరో నలుగురు అని ఛార్జ్‌షీట్ వేసింది. 2016 ఏప్రిల్‌లో కోర్టు ఆ ముస్లిం ముద్దాయిలను కేసులోంచి తప్పించింది. అప్పటికి వాళ్లలో ఒకరు చనిపోయారు. ఆయనకు ఆ మాట చెవిన పడలేదు.

దీంట్లో అన్యాయం మీకు కనపడుతూనే ఉంది. కోర్టులో దానివల్ల ఏమవుతుందో లాయరుగా చెబుతాను. ఒకే పేలుడుకు రెండు ఛార్జ్‌షీట్లు. ఒక సంస్థ ప్రమాణం చేసి ‘అ’ చేశాడంది, ఇంకో సంస్థ ప్రమాణం చేసి ‘ఆ’ చేశాడంది. రెండూ ప్రభుత్వ సంస్థలే, రెండూ సాక్షులను, ఒప్పుకోళ్లను, స్వాధీనం చేసుకున్న వస్తువులను చూపించాయి. రేపు ‘ఆ’ తరఫున నేను కోర్టులో నిలబడితే నాకు పెద్దగా పనే ఉండదు. మొదటి ఛార్జ్‌షీట్ తీసి జడ్జి ముందు పెడతాను. ‘మై లార్డ్, అప్పుడు కూడా ఇంత నమ్మకంగానే చెప్పారు’ అంటాను. మొదట తప్పు మనిషిని పట్టుకుంటే ఆ మనిషి జీవితం పోతుంది, అసలు నేరస్తుడికి జీవితాంతం పనికొచ్చే డిఫెన్స్ కూడా దొరుకుతుంది. ముస్లిం అయితే చాలు అనుమానించొచ్చన్న అలవాటు ముస్లింలకు చేసిన చెడు ఎంతో, ఈ కేసులకు చేసిన చెడూ అంతే.

అసీమానంద్ ఒప్పుకోలు సంగతి చాలామంది అడుగుతారు. ‘ఆయనే ఒప్పుకున్నాడు కదా సార్!’ అంటారు. 2010 డిసెంబరులో ఢిల్లీ తీస్ హజారీ కోర్టులో మేజిస్ట్రేటు ముందు ఆయన ఒప్పుకున్న మాట నిజం. చంచల్‌గూడ జైల్లో ఉన్నప్పుడు, మక్కా మసీదు కేసులో అన్యాయంగా ఇరుక్కున్న ఒక ముస్లిం కుర్రాడు తనకు అన్నం, నీళ్లు తెచ్చిచ్చి సేవ చేశాడని, ఆ కుర్రాణ్ణి చూసి మనసు మారిందని అందులో చెప్పాడని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. కొన్ని నెలలకే ఆయన దాన్ని వెనక్కి తీసుకున్నాడు, ఒత్తిడి పెట్టి చెప్పించారన్నాడు. పోలీసుల ముందు ఒప్పుకున్నది మన చట్టంలో చెల్లదు. మేజిస్ట్రేటు ముందుదే చెల్లుతుంది. అదీ ఎవరి భయమూ లేకుండా ఇష్టపూర్వకంగా చెప్పి ఉండాలి. పోలీసు కస్టడీ నీడలో ఉన్న మనిషి చెప్పింది ఇష్టపూర్వకమని నమ్మడం కష్టం. వెనక్కి తీసుకున్న ఒప్పుకోలుకు పక్కనుంచి దన్నుగా వేరే సాక్ష్యం కూడా ఉండాలి. సిమ్ కార్డు ఎవరు కొన్నారు, బాంబు సామాను ఎక్కడిది, ఆ రోజు మనిషి ఎక్కడున్నాడు, ఇవన్నీ ఆ ఒప్పుకోలుతో కలవాలి. హైదరాబాద్ కోర్టుకు అది ఇష్టపూర్వకంగా కనపడలేదు. 2018 ఏప్రిల్ 16న ఐదుగురినీ వదిలేసింది. తీర్పు చెప్పిన జడ్జి అదే రోజు రాజీనామా చేయడంతో మనవాళ్లు రకరకాల కథలు అల్లారు. నేను ఆ కథల్లోకి పోను.

సంఝౌతాలోనూ అంతే. పేలని సూట్‌కేసు బాంబు దొరికింది, దాని కవర్లు ఇందోర్‌లోని కొఠారీ మార్కెట్‌లో కుట్టించారని దర్యాప్తు అక్కడిదాకా వెళ్లింది. అది మంచి పని. కానీ కుట్టిన టైలరుతో ముద్దాయిలను గుర్తింపజేసే పరేడ్ పెట్టలేదు. అంత దూరం వెళ్లి గుమ్మం దగ్గర ఆగిపోయినట్టు.

మీ రెండో కొలీగ్ మాటకు వస్తే, ‘ప్రభుత్వం మారింది, కేసులు పోయాయి’ అన్నది సగం మాత్రమే పట్టుకున్న మాట. మాలేగావ్‌లో ఖాళీగా మిగిలిన స్కెచ్, కలుషితమైన నమూనాలు, చెల్లని ట్యాపింగ్, ఇవన్నీ 2008, 2009 నాటివి. అప్పుడు ఢిల్లీలోనూ ముంబయిలోనూ కాంగ్రెస్ కూటమే. దర్యాప్తు నడిపిన ఏటీఎస్ అధిపతి హేమంత్ కర్కరే పేలుడు జరిగిన రెండు నెలలకే, నవంబరు 26 రాత్రి ముంబయి దాడుల్లో ప్రాణాలిచ్చారు. ఆయన బతికి ఉంటే కేసు ఎలా ఉండేదో అని మా కోర్టులో ఇప్పటికీ అనుకుంటాం. 2010లో హోం మంత్రి చిదంబరం ‘కాషాయ ఉగ్రవాదం’ అన్న మాట వాడడంతో సాక్ష్యాల మీద జరగాల్సిన వాదన రంగుల మీదకు పోయింది. ఆ మాట అప్పుడూ నాకు నచ్చలేదు, ‘ముస్లిం టెర్రరిస్టు’ అన్న మాట ఎంత నచ్చదో అంత. ఛార్జ్‌షీట్‌లో మతం పేరు ఉండదు. మనిషి పేరు, తండ్రి పేరు, సెక్షను ఉంటాయి. మనమూ అలాగే మాట్లాడాలి.

మిగతా సగం కూడా చెప్పాలి. మాలేగావ్ కేసులో స్పెషల్ ప్రాసిక్యూటర్‌గా ఉన్న రోహిణీ సాలియాన్ 2015 జూన్‌లో, ముద్దాయిల విషయంలో మెత్తగా వెళ్లమని ఎన్ఐఏ అధికారి ఒకరు తనకు చెప్పారని బయటపెట్టారు. ఎన్ఐఏ కాదంది. తర్వాతి ఏడాది మే నెలలో ఎన్ఐఏ వేసిన ఛార్జ్‌షీట్‌లో మోకా చట్టం (వ్యవస్థీకృత నేరాల మీద మహారాష్ట్ర చేసిన చట్టం) వర్తించదని, ప్రజ్ఞా సింగ్ మీద సరిపడా సాక్ష్యం లేదని రాసింది. మోకా తీసేయడం అంటే ఏంటో బయటివాళ్లకు అర్థం కాదు. ఆ చట్టం కింద పెద్ద పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు కూడా సాక్ష్యమే. చట్టం పోతే ఆ ఒప్పుకోళ్లన్నీ చిత్తు కాగితాలు. కోర్టు కూడా మోకా వర్తించదనే అంది, కానీ ప్రజ్ఞా సింగ్‌ను వదిలేయడానికి ఒప్పుకోలేదు. 2018 అక్టోబరులో ఆమెతో సహా ఏడుగురి మీద యూఏపీఏ కింద అభియోగాలు మోపింది. అందుకని ఎన్ఐఏ చెప్పింది చెప్పినట్టు కోర్టు చేసిందనడం తప్పు.

ప్రభుత్వం మనసు ఎక్కడుందో నాకు తెలియాలంటే నేను అప్పీళ్లు చూస్తాను. 2006 ముంబయి లోకల్ రైళ్ల పేలుళ్ల కేసులో 2025 జులై 21న బొంబాయి హైకోర్టు 12 మంది ముస్లిం ముద్దాయిలను వదిలేసింది. అక్కడ కూడా కారణాలు ఇవే, నమ్మలేని ఒప్పుకోళ్లు, చెల్లని గుర్తింపు పరేడ్‌లు. మహారాష్ట్ర ప్రభుత్వం వెంటనే సుప్రీంకోర్టుకు పరిగెత్తింది. మూడోరోజుకల్లా, ఆ తీర్పును వేరే కేసుల్లో ఆధారంగా వాడొద్దని స్టే వచ్చింది. ఆ తర్వాత వారానికే మాలేగావ్ తీర్పు వచ్చింది. దాని మీద అప్పీలుకు బొంబాయి హైకోర్టు మెట్లెక్కింది చనిపోయినవాళ్ల కుటుంబాలే, సొంతంగా. సంఝౌతా తీర్పు వచ్చినప్పుడు ప్రభుత్వం ఎందుకు అప్పీలు చేయాలని అప్పటి హోం మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఎదురు అడిగారు. 68 మంది చనిపోయిన కేసు అది. అప్పీలుకు వెళ్లినా ఓడిపోయేవారేమో. కానీ వెళ్లకపోవడాన్ని నేను క్షమించలేను.

దర్యాప్తు సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మన ఊళ్లోనే ఉంది.

2017 సెప్టెంబరు 5 రాత్రి బెంగళూరు రాజరాజేశ్వరి నగర్‌లో, పత్రికా సంపాదకురాలు గౌరీ లంకేశ్ ఆఫీసు నుంచి వచ్చి ఇంటి గేటు తీస్తుండగా ఆమెను కాల్చి చంపారు. మర్నాడు ఆమె దేహాన్ని రవీంద్ర కళాక్షేత్ర దగ్గర ఉంచితే, కోర్టు నుంచి నల్లకోటుతోనే వెళ్లి క్యూలో నిలబడ్డాను. అప్పటికే టీవీల్లో ‘నక్సలైట్లు’ అని కొందరు, ‘ఫలానా సంస్థ’ అని కొందరు తీర్పులు చెప్పేస్తున్నారు. ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) మాత్రం నెలల తరబడి ఎవరినీ అరెస్టు చేయలేదు. జనం తిట్టారు, పత్రికలు తిట్టాయి. ఇప్పుడు చూస్తే ఆ ఓపికే కేసును కాపాడింది.

వాళ్లు మొదలుపెట్టింది ఖాళీ తూటా గొట్టాల నుంచి. పిస్టల్ పేలినప్పుడు ఫైరింగ్ పిన్ తూటా అడుగున చిన్న గుంట పొడుస్తుంది. ఆ గుంట ఆకారం, దాని చుట్టూ పడే సన్నటి గీతలు, ఒక్కో తుపాకీకి ఒక్కో రకంగా ఉంటాయి. రెండు గొట్టాలను కంపారిజన్ మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి చూస్తారు. 2015 ఆగస్టు 30న ధార్వాడలో సొంత ఇంటి గుమ్మంలో చంపిన ప్రొఫెసర్ ఎం.ఎం.కల్బుర్గి కేసులోని గొట్టాలు, గౌరి ఇంటి దగ్గర దొరికినవి, రెండూ ఒకే 7.65 ఎంఎం నాటు పిస్టల్ నుంచి పేలినవని ఫోరెన్సిక్ రిపోర్టు. తూటాలు అమ్మజూపాడన్న అనుమానంతో 2018 మొదట్లో ఒకణ్ణి పట్టుకున్నారు. అతణ్ణి విచారిస్తే మైసూరు రచయిత కె.ఎస్.భగవాన్‌ను చంపే పథకం బయటపడింది. ఆ దారిలో వెళ్తే కోడ్ పేర్లు, కోడ్ అంకెలు రాసుకున్న డైరీ దొరికింది. కూర్చుని ఆ కోడ్ విప్పారు. 2018 నవంబరులో 18 మంది మీద తొమ్మిది వేల పైచిలుకు పేజీల ఛార్జ్‌షీట్ వేశారు. ముద్దాయిల్లో కొందరికి సనాతన్ సంస్థ లాంటి హిందూత్వ సంస్థలతో సంబంధాలున్నాయన్నది సిట్ ఆరోపణ. సంస్థ తనకేమీ సంబంధం లేదంటూనే ఉంది.

ఇది కూడా ఇంకా ఆరోపణే, మర్చిపోవద్దు. 2022 జులైలో ట్రయల్ మొదలైంది. సాక్షులు వందల్లో ఉన్నారు. ఒక ముద్దాయి మీద పెట్టిన కోకా (మోకా లాంటి కర్ణాటక చట్టం) అభియోగాలను కర్ణాటక హైకోర్టు కొట్టేస్తే, గౌరి చెల్లెలు కవితా లంకేశ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2021 అక్టోబరులో వాటిని తిరిగి నిలబెట్టుకున్నారు. ట్రయల్ సాగుతూనే ఉందన్న కారణంతో 2023 డిసెంబరులో మొదటి బెయిలు వచ్చింది, తర్వాత ఒక్కొక్కరుగా మిగతావాళ్లకూ వచ్చాయి. బెయిలు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. ఏళ్ల తరబడి విచారణ లేకుండా ఎవరినీ లోపల ఉంచకూడదు, అది ప్రజ్ఞా సింగ్ అయినా, మాలేగావ్ ముస్లిం కుర్రాళ్లయినా, వీళ్లయినా. నా టెన్షన్ అంతా ఆలస్యం గురించే. సాగే కొద్దీ సాక్షులు ముసలివాళ్లవుతారు, ఊళ్లు మారతారు, జ్ఞాపకం చెదురుతుంది. పుణేలో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న చంపితే తీర్పు 2024 మే 10న వచ్చింది. కాల్చిన ఇద్దరికి యావజ్జీవం పడింది, కుట్ర చేశారన్న ముగ్గురూ బయటపడ్డారు. తుపాకీ పట్టినవాడిదాకా చట్టం వెళ్లగలిగింది, పట్టించినవాడిదాకా వెళ్లలేకపోయింది. ఇక్కడ కూడా అలాగే అవుతుందేమోనని నాకు భయం.

మీరు బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి ఒక మాట. తెరిచిన కోర్టులో జరిగే విచారణను ఎవరైనా కూర్చుని చూడొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించాలి, హాల్లో ఫోన్ స్విచాఫ్ చేయాలి. ఒక రోజు సెలవు పెట్టి సిటీ సివిల్ కోర్టుకు రండి, ఏ హత్య కేసైనా సరే. పంచనామా మీద సంతకం పెట్టినవాణ్ణి క్రాస్ చేసేటప్పుడు కూర్చోండి. సీలు విప్పేటప్పుడు, లక్క మీద అక్షరాలు చదవడానికి జడ్జి కళ్లజోడు పైకి జరుపుకునేటప్పుడు చూడండి. మీ క్యాంటీన్ ఇద్దరినీ కూడా తీసుకురండి. పదకొండు గంటలకు నేను మొదటి అంతస్తు మెట్ల దగ్గర ఉంటాను.